కొత్త బ్యాటరీ కొనేముందు: కారులో ఫ్యూజులు, టెర్మినళ్ల చిక్కులు

విజయవాడలో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా పొద్దున్నే కారు స్టార్ట్ కాకపోతే, చుట్టూ చేరినవాళ్ల నోట వచ్చే మాట ఒక్కటే: "బ్యాటరీ పోయింది." ఫోన్ చేస్తే వచ్చిన కుర్రాడు కూడా బానెట్ ఎత్తి చూసి "మార్చేద్దాం సార్" అంటాడు. చిన్న కారుకైనా నాలుగైదు వేలు వదులుతాయి. కొత్త బ్యాటరీ పెట్టగానే బండి స్టార్ట్ అవుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బ్యాటరీ మార్చేటప్పుడు రెండు టెర్మినళ్లకూ (తీగలు కలిసే కడ్డీలకు) పట్టిన క్లాంపులు విప్పి, గీకి, మళ్లీ గట్టిగా బిగించారన్న సంగతి మాత్రం లెక్కలోకి రాదు. కొన్ని బళ్లను బాగుచేసేది ఆ గీకడం, బిగించడమే. తీసి పక్కన పెట్టిన పాత బ్యాటరీకి ఇంకా ఆయుష్షు ఉండే ఉంటుంది.

ఫ్యూజ్ విషయంలో జరిగేది దీనికి తిరగేసిన తప్పు. ఫ్యూజ్ పోతే, అది పదీ ఇరవై రూపాయల వస్తువు కాబట్టి, ఎందుకు పోయిందో చూడకుండా ఇంకోటి పెడతారు. అదీ పోతే అంతకంటే పెద్దది పెడతారు. బ్యాటరీ దగ్గర అనవసరంగా డబ్బు పోతుంది. ఫ్యూజ్ దగ్గర పెట్టాల్సిన శ్రద్ధ పెట్టకపోతే బండే తగలబడే పరిస్థితి వస్తుంది.

ఈ రెండింటినీ కలిపి "కరెంటు ప్రాబ్లం" అనడం దగ్గరే అసలు గందరగోళం మొదలవుతుంది. నిజానికి ఇవి ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. ఫ్యూజ్ పోవడమంటే ఆ దారిలో కరెంటు మితిమీరి పారింది. టెర్మినల్ లూజవడమంటే కావలసినంత కరెంటు పారలేకపోయింది. లూజు టెర్మినల్ మామూలుగా ఫ్యూజును కాల్చదు. కాలిన ఫ్యూజుకు కారణం సాధారణంగా బ్యాటరీలో ఉండదు. ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది అన్న ఒక్క ప్రశ్న ముందు వేసుకుంటే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

ముందు తక్కువైన సంగతి చూద్దాం. "లైట్లు బాగానే వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, సెల్ఫ్ మాత్రం కొట్టట్లేదు. మరి బ్యాటరీలో కరెంటు ఉన్నట్టేగా?" అని చాలామంది అడుగుతారు. ప్రశ్న సబబైనదే, జవాబు చిన్న లెక్కలో ఉంది. బ్యాటరీ కడ్డీకి, దాని చుట్టూ ఉన్న క్లాంపుకు మధ్య తెల్లపొడి పేరుకుని 0.02 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకుందాం. కంటికి కనిపించనంత చిన్న అడ్డు అది. రెండు హెడ్‌లైట్లు, ఒక్కోటి 55 వాట్ల చొప్పున, సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. ఆ అడ్డు దగ్గర పోయేది 0.2 వోల్టు కూడా ఉండదు, లైటు తగ్గినట్టు ఎవరూ గుర్తుపట్టలేరు. అదే సెల్ఫ్ మోటారుకు చిన్న పెట్రోల్ కారులో కూడా వంద, నూట యాభై ఆంపియర్లు కావాలి. 150 ఆంపియర్లను 0.02తో హెచ్చిస్తే 3 వోల్టులు. పన్నెండులో మూడు ఆ ఒక్క అతుకు దగ్గరే ఆవిరైపోతే మోటారు ఏం తిరుగుతుంది? బందరు కాలువ తూములో చెత్త అడ్డం పడితే వేసవిలో సన్నగా పారే నీళ్లు ఎలాగో దాటిపోతాయి, కాలువకు నిండుగా నీళ్లు వదిలినప్పుడే అడ్డం బయటపడుతుంది. ఇదీ అంతే.

అదే లెక్కలో ఇంకో విషయం దాగుంది. ఆ మూడు వోల్టులు ఊరికే మాయం కావు, వేడిగా మారతాయి. 150 ఆంపియర్ల దగ్గర ఆ చిన్న అతుకులో పుట్టే వేడి 450 వాట్లు. అందుకే నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టి చూశాక క్లాంపు మీద చెయ్యి వేస్తే ఒకవైపు చల్లగా, ఇంకోవైపు చురుక్కుమనేలా ఉంటుంది. వేడెక్కిన వైపే తప్పు. మీటరు లేకపోయినా పట్టుకోగలిగిన గుర్తు ఇది. తాకేటప్పుడు మెల్లగా, వేలి వెనకవైపుతో తాకాలి. నిజంగానే కాలుతుంది.

చప్పుడును బట్టి కూడా చాలా తెలుస్తుంది. తాళం తిప్పినప్పుడు టిక్ టిక్ టిక్‌మని వేగంగా వస్తూ, ఆ సమయంలో డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారితే అది బ్యాటరీ దిగిపోవడమో, బ్యాటరీ దగ్గరి పట్టు చెడడమో. సెల్ఫ్ మీదున్న సోలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) లాగుతుంది, మోటారుకు కరెంటు పోబోగానే వోల్టేజి పడిపోతుంది, సోలినాయిడ్ వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఆ టిక్ టిక్ అదే. ఒక్కసారి గట్టిగా "టక్" అని ఆగిపోయి, లైట్లు ఏమాత్రం తగ్గకపోతే బ్యాటరీ మీద అనుమానం పడక్కర్లేదు. సెల్ఫ్ మోటారు గానీ, సోలినాయిడ్ గానీ, బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ తీగ గానీ చూడాలి. లైట్లు నిండుగా వెలుగుతూ అసలు చప్పుడే లేకపోతే సెల్ఫ్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), దాని ఫ్యూజ్, క్లచ్ దగ్గరి స్విచ్, ఆటోమేటిక్ బండైతే గేరు పార్కింగ్‌లో సరిగ్గా పడిందా లేదా అన్నవి వరసలోకి వస్తాయి. ఇంజిన్ చక్కగా తిరుగుతూ అందుకోకపోతే బ్యాటరీ నిర్దోషి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కిందనుంచి రెండు సెకన్లపాటు వినిపించాల్సిన పెట్రోల్ పంపు సన్నటి రొద వినిపిస్తోందా అని చెవి పెట్టాలి. అది లేకపోతే పంపు ఫ్యూజ్, దాని రిలే చూడాలి.

మూడు నాలుగు వందలు పెడితే దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటరు ఇంట్లో ఉంటే అనుమానాలు చాలావరకు తీరిపోతాయి. రాత్రంతా ఆగిన బండిలో, హెడ్‌లైట్లు ఒక నిమిషం వేసి ఆర్పాక బ్యాటరీ కడ్డీల మధ్య 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12 కంటే కిందకు పోతే చార్జింగ్ పెట్టించక తప్పదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి జారకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే, మనవాళ్లు ఇప్పటికీ డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ పనిచేస్తున్నట్టే. అక్కడ 12.4 చూపిస్తూ ఇంకా తగ్గుతుంటే బ్యాటరీ మార్చినా వారంలో మళ్లీ అదే కథ.

ఈ కొలతలన్నిటికంటే విలువైనది, దాదాపు ఎవరూ చేయనిది ఇంకోటుంది. మీటరు ఒక మొనను బ్యాటరీ సీసపు కడ్డీ నడినెత్తిన, రెండో మొనను అదే కడ్డీకి పట్టిన క్లాంపు మీద పెట్టాలి. రెండూ ఒకే టెర్మినల్ మీదే. అప్పుడు ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనాలి. పట్టు బాగుంటే మీటరు సున్నా దగ్గరే ఉంటుంది, 0.1 వోల్టు దాటదు. అర వోల్టో ఒకటో చూపిస్తే దోషి దొరికినట్టే. బ్యాటరీ మార్చక్కర్లేదు, గీకి బిగిస్తే చాలు. ఈ ఒక్క పరీక్ష చేసి చూపించమని షాపులో అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు అది అర నిమిషం పని.

టెర్మినల్ ఎందుకు చెడుతుంది? బ్యాటరీలోని ఆమ్లపు ఆవిరి కడ్డీ మొదట్లోంచి బయటికి పాకి లోహాన్ని తింటుంది. తెల్లగా పేరుకునేది సీసపు సల్ఫేటు, నీలం ఆకుపచ్చ కలిసినట్టుండేది రాగి సల్ఫేటు. ఎండ దీన్ని వేగవంతం చేస్తుంది. మే నెలలో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో 44, 45 డిగ్రీలు మామూలే, రెంటచింతల పేరు చెబితే రాష్ట్రమంతటికీ ఎండే గుర్తొస్తుంది. ఆ ఎండలో నడిచిన బండి బానెట్ కింద వేడి ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు. సీసం-ఆమ్లం బ్యాటరీ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన కొద్దీ దాని ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. చలిదేశాల్లో బ్యాటరీ చలికాలంలో మొరాయిస్తుంది. మన దగ్గర చెడేది ఎండాకాలంలో, చాలాసార్లు బయటపడేది ఆ తరవాత వానాకాలంలో. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే వేసవిలో నెలకోసారి నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యాలి. కుళాయి నీళ్లు గానీ, మినరల్ వాటర్ అని అమ్మే డబ్బా నీళ్లు గానీ పనికిరావు, వాటిలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి.

పట్టు చెడడానికి ఇంకో కారణం పెద్దగా చర్చకు రాదు. బ్యాటరీ కడ్డీల్లో సన్నవి, లావువి అని రెండు రకాలున్నాయి. జపాన్ పద్ధతి సన్న కడ్డీల్లో ప్లస్‌ది 14.7 మిల్లీమీటర్లు, మైనస్‌ది 13. లావు రకంలో ప్లస్ 19.5, మైనస్ 17.9. లావు కడ్డీకి చేసిన క్లాంపున్న బండిలో సన్న కడ్డీ బ్యాటరీ పెడితే నట్టు చివరిదాకా బిగించినా క్లాంపు చేత్తో తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు సందులో రాగితీగ చుట్టో, మేకు దిగ్గొట్టో పంపించేస్తారు. రెండు నెలలు నడుస్తుంది. గుంతలో బండి ఎగిరిన రోజున ఆ మేకు కదులుతుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. దానికోసమే సీసపు తొడుగులు దొరుకుతాయి, లేదంటే క్లాంపు మార్చాలి. ఇంకో మాట: లేబుల్ మీద 38బి20 లాంటి సైజు కోడ్ తరవాత ఉండే ఎల్, ఆర్ అక్షరాలు ప్లస్ ఏ పక్క ఉందో చెబుతాయి. అది చూడకుండా కొంటే తీగ అందక లాగి కడతారు, ఆ లాగుడే తరవాత పట్టు వదిలిస్తుంది.

శుభ్రం చేసే పని ఇంట్లోనే అవుతుంది. చాలా కార్లకు పది నంబరు స్పానర్ సరిపోతుంది. ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. ఇది ఆచారం కాదు, కారణం ఉంది. కారు బాడీ మొత్తం మైనస్‌కు కలిసి ఉంటుంది. మైనస్ విప్పకుండా ప్లస్ నట్టు తిప్పుతుంటే స్పానర్ రెండో కొస బాడీకి తగిలితే బ్యాటరీ మొత్తం ఆ స్పానర్ గుండా షార్ట్ అవుతుంది. వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారి ఇనుము ఎర్రబడుతుంది. వేలికి ఉంగరం, చేతికి గొలుసు ఉంటే తీసి పక్కన పెట్టాలి. ఈ విషయంలో ఎంత చెప్పినా ఎక్కువ కాదు. మైనస్ ముందే విప్పేస్తే ఆ స్పానర్ ఎక్కడ తగిలినా ఏమీ కాదు. తరవాత గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పోస్తే పొడి నురగ కడుతూ కరుగుతుంది. నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. ఆరాక గరుకు కాగితంతో కడ్డీని, క్లాంపు లోపలివైపును లోహం మెరిసేదాకా రుద్ది బిగించాలి. వాసెలిన్ రాసేది బిగించాక, పైనుంచి. చివరగా క్లాంపును చేత్తో మెలితిప్పి చూడాలి, వెంట్రుకంత కూడా కదలకూడదు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే, అంటే స్టార్ట్-స్టాప్ ఉన్న కొత్త కార్లలో మైనస్ క్లాంపు మీదే చిన్న సెన్సర్ ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే వేలల్లో ఖర్చు. ఆ కార్లకు మామూలు బ్యాటరీ కూడా సరిపోదు, మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ, ఏజీఎం రకాల్లో కంపెనీ చెప్పినదే వెయ్యాలి.

ఎర్త్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే బ్యాటరీ చుట్టూ ఎంత వెతికినా ఇది దొరకదు. బ్యాటరీ మైనస్ నుంచి ఒక తీగ బాడీకి, ఇంకోటి ఇంజిన్‌కు, లేదా బాడీ నుంచి ఇంజిన్‌కు అల్లిక పట్టీలా పోతుంది. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీ తుప్పు పడితే సెల్ఫ్ మోటారుకు తిరుగుదారి ఉండదు. ఇండికేటర్ వేస్తే ఇంకో లైటు మిణుకుమనడం, బ్రేకు తొక్కితే టెయిల్ ల్యాంపు మసకబారడం లాంటి అర్థంకాని లక్షణాలన్నీ తరచుగా ఎక్కడో ఒకచోట ఎర్త్ వదిలినందుకే. పరీక్ష తేలిక. జంప్ కేబుల్ నల్లతీగ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజిన్ మీది గట్టి లోహానికి పెట్టి సెల్ఫ్ కొట్టాలి. అప్పుడు గిర్రున తిరిగితే ఇంజిన్ ఎర్త్ పోయినట్టే. గ్యారేజీలో బోల్టు విప్పి, రంగు గీకి, బిగిస్తే అయిపోతుంది.

ఇక ఎక్కువైన సంగతి, అంటే ఫ్యూజులు. దాదాపు ప్రతి కారులో రెండు పెట్టెలుంటాయి. ఒకటి బానెట్ కింద బ్యాటరీ పక్కన, ఇంకోటి డ్యాష్‌బోర్డు కింద. మూత లోపలివైపు గానీ, మాన్యువల్‌లో గానీ ఏ గడి దేనిదో రాసి ఉంటుంది. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే రాత్రిపూట రోడ్డు మీద అక్కరకొస్తుంది. రంగుల పద్ధతి చాలావరకు అన్ని కంపెనీల్లో ఒక్కటే: 10 ఆంపియర్లు ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. అయినా రంగును నమ్మకుండా దాని నెత్తిన ఉన్న అంకె చదవాలి. చిన్న ఫ్యూజుల్లో ఎరుపు 10 అయితే, పెద్దసైజు మ్యాక్సీ రకంలో ఎరుపు 50.

అంబాసిడర్ రోజుల్లో గాజు గొట్టం ఫ్యూజ్ పోతే సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టేవాళ్లు. ఆ అలవాటు ఇంకా పోలేదు, కాగితం బదులు రాగితీగ పోగు వచ్చింది. ఫ్యూజ్ కాపాడేది రేడియోనో హారన్‌నో అనుకోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది. ఫ్యూజ్ ముందుగా కాపాడేది తీగను. 10 ఆంపియర్ల ఫ్యూజ్ వెనక తివాచీ కింద, తలుపు సందుల్లోంచి పోయేది సన్నటి తీగ. అక్కడ 30 ఆంపియర్ల ఫ్యూజ్ పెడితే ఫ్యూజ్ కంటే ముందు తీగే కాలుతుంది. దాని తొడుగు కరిగి, పక్కనున్న పది తీగలతో కలిసి, సీటు కిందో డ్యాష్‌బోర్డు వెనకో మంట పుడుతుంది. అప్పుడు ఆర్పడానికి చెయ్యి కూడా దూరదు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండిలో ఎవరూ చేయకూడని పని ఇది. ఏ ఎలక్ట్రీషియన్ "పెద్దది వేశాను, ఇక పోదు" అన్నా ఒప్పుకోకూడదు.

పోయిన ఫ్యూజును పారేసే ముందు వెలుతురుకు పెట్టి చూడాలి. లోపలి తీగ నడిమధ్యలో సన్నగా తెగి, ప్లాస్టిక్ శుభ్రంగా ఉంటే ఎక్కువ బరువు పడి మెల్లగా పోయింది. అంటే మోటారు బిగుసుకోవడమో, ఉండాల్సిన దానికంటే ఎక్కువ పరికరాలు తగిలించడమో. లోపల నల్లగా మసిపట్టి, వెండిచుక్కలు చిమ్మినట్టుంటే నేరుగా షార్ట్. ఎక్కడో ప్లస్ తీగ బాడీకి తగులుతోంది. తేడాకు కారణం ఫ్యూజ్ స్వభావమే. 15 ఆంపియర్ల ఫ్యూజ్ 15 దాటగానే పోదు. కొంచెం ఎక్కువైతే నిమిషాలపాటు ఓర్చుకుంటుంది, రెట్టింపు అయితే అయిదు సెకన్లలోపు పోతుంది, పూర్తి షార్ట్ అయితే రెప్పపాటులో పోతుంది. మూడో రకం ఒకటుంది, దాన్ని చూసి చాలామంది తికమకపడతారు: లోపలి తీగ బాగానే ఉంటుంది, ప్లాస్టిక్ మాత్రం ఒక కాలి దగ్గర కరిగి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఇక్కడ కరెంటు ఎక్కువ కాలేదు. ఫ్యూజును పట్టుకునే గడిలోని లోహపు నాలుక వదులై, బ్యాటరీ క్లాంపు దగ్గర చూసిన వేడే ఇక్కడా పుట్టింది. కొత్త ఫ్యూజ్ గుచ్చితే అదీ కరుగుతుంది. బాగుచేయాల్సింది గడిని.

షార్ట్ ఎక్కడుందో కనిపెట్టడానికి ఒకదాని తరవాత ఒకటి ఫ్యూజులు తగలేయడం దండగ. జవహర్ ఆటోనగర్ లాంటి చోట అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు చేసే పని చూడముచ్చటగా ఉంటుంది. బ్రేకు లైటుకు వాడే 21 వాట్ల బల్బుకు రెండు తీగలు టంకం వేసి, వాటి కొసల్ని ఫ్యూజ్ తీసేసిన గడిలో గుచ్చుతారు. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది. బల్బే అడ్డు కాబట్టి రెండు ఆంపియర్లకు మించి పారదు, ఏదీ కాలదు. తరవాత ఆ ఫ్యూజ్ మీద నడిచే పరికరాలను ఒక్కొక్కటిగా ప్లగ్గు లాగి చూస్తారు. ఏది లాగినప్పుడు బల్బు ఆరితే తప్పు అందులోనే. అన్నీ లాగినా వెలుగుతుంటే తీగలోనే ఉంది. అప్పుడు వైరింగ్ కట్టను తలుపు దగ్గర, డిక్కీ కీలు దగ్గర, అది వంగే ప్రతిచోటా మెల్లగా కదుపుతూ పోతారు. బల్బు మిణుకుమన్న చోట టేపు విప్పితే తొడుగు ఒరుసుకుపోయిన తీగ కనిపిస్తుంది. వెతకడంలో ఓపిక ఉంటే కొత్త వైరింగ్ అవసరమే రాదు. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ మీద మాత్రం ఈ బల్బు వాడకూడదు. పసుపు తొడుగున్న ఆ కనెక్టర్ల జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు.

ఏ ఫ్యూజులు ఎక్కువగా పోతాయి? ముందు వరసలో 12 వోల్టుల సాకెట్. నాసిరకం ఫోన్ చార్జర్, సాకెట్‌లో పడిన రూపాయి బిళ్ల, టైరుకు గాలికొట్టే పంపు: ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది. కొన్ని కార్లలో మ్యూజిక్ సిస్టం కూడా ఆ ఫ్యూజ్ మీదే నడుస్తుంది కాబట్టి "స్టీరియో పోయింది" అని పొరబడతారు. తరవాత బయట పెట్టించుకున్న జంట హారన్లు, ఫాగ్ ల్యాంపులు, కెమెరాలు. వీటిని రిలే, విడి ఫ్యూజ్ లేకుండా ఉన్న తీగకే తగిలిస్తే అసలు సర్క్యూట్ మీద భారం పడుతుంది. హెడ్‌లైట్లో 60 వాట్ల బల్బు తీసి 100 వాట్లది పెడితే 5 ఆంపియర్లు కాస్తా 8 దాటుతాయి. ఫ్యూజ్ తట్టుకున్నా బల్బు వెనక ప్లగ్గు కరుగుతుంది. ఎలుకలు, పందికొక్కులు కొరికిన తీగల సంగతి సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వీటన్నిటిలో ప్రమాదకరమైనది రేడియేటర్ ఫ్యాన్ ఫ్యూజ్. సాధారణంగా 30 లేదా 40 ఆంపియర్లది. అది పోయిన సంగతి కారు నడుస్తున్నంతసేపూ తెలియదు, ఎదురుగాలి చల్లబరుస్తుంది. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గరో కాజ టోల్‌గేట్ క్యూలోనో నిలబడగానే ఏసీ వేడిగాలి కొడుతుంది, కదలగానే మళ్లీ చల్లగా వస్తుంది. "గ్యాస్ అయిపోయింది" అని గ్యాస్ నింపించుకునేవాళ్లు కొందరు. నిజానికి ఆ లక్షణం కనిపించగానే చూడాల్సింది బానెట్ ఎత్తి ఏసీ ఆన్‌లో ఉండగా ఫ్యాన్ తిరుగుతోందా అన్నది. చెయ్యి దూరంగా ఉంచి చూడాలి, అది చెప్పకుండా తిరుగుతుంది. తిరగకపోతే ఫ్యూజ్, రిలే, మోటారు అన్న వరసలో వెళ్లాలి. కొత్త ఫ్యూజ్ కూడా వెంటనే పోతే మోటారు బిగుసుకుపోవడమో, ఎక్కడో షార్ట్ అవడమో జరిగి ఉంటుంది. అలాంటప్పుడు నడిరోడ్డు మీద పెద్ద ఫ్యూజ్ వేసి ఇంటిదాకా తోలుకుపోదామనుకోవడం కంటే టో చేయించడం చవక. ఇంజిన్ మితిమీరి వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగాన్ని మూసే సీలు) పోతే వచ్చే బిల్లు ముందు అది లెక్కలోకే రాదు.

ఫ్యూజ్, బ్యాటరీ కలిసే చోటు ఒకటుంది. ప్లస్ టెర్మినల్ మీదనో, పక్క పెట్టెలోనో బోల్టులతో బిగించిన పెద్ద మెయిన్ ఫ్యూజ్. జంప్ స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైతే ముందు పోయేది అదే, దాంతోపాటు ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు కూడా పోవచ్చు. జంప్‌కు సరైన వరస ఇది: ఎర్ర క్లిప్పు డౌనైన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు, నల్ల క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి నల్ల కొస డౌనైన బండి ఇంజిన్ మీది లోహానికి. చివరి కొసను బ్యాటరీకి దూరంగా పెట్టమనడానికి కారణం, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ వాయువు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. పక్కన సిగరెట్ కూడా ఉండకూడదు.

అన్నీ బాగున్నా రెండు రోజులు కదపకపోతే బ్యాటరీ దిగిపోతుంటే అది వేరే లెక్క. తాళం తీసి, తలుపులు వేసి, బండిలోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట ఇచ్చాక లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. రోజుకు 1.2 ఆంపియర్-గంటలు. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ రెండు వారాలు ఆగినా స్టార్ట్ అవుతుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉండే కెమెరా ఒకటి అర ఆంపియర్ లాగితే రోజుకు 12. ఒకటిన్నర రోజులో సగం ఖాళీ. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక బండి కదలకపోవడానికి తరచుగా ఇదే కారణం. మైనస్‌కు వరసలో మీటరు పెట్టి ఫ్యూజులు ఒక్కొక్కటే లాగుతుంటే, ఏది లాగినప్పుడు అంకె దిగిందో ఆ సర్క్యూట్‌లో దొంగ ఉన్నట్టు.

నీళ్లలో మునిగిన బండ్ల సంగతి విజయవాడకు ప్రత్యేకం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లతోపాటు కార్లు కూడా రోజుల తరబడి మురికినీళ్లలో నిలిచాయి. అలా మునిగిన బండికి మొదట చేయాల్సింది తాళం తిప్పకపోవడం, చేయి అందగానే మైనస్ విప్పడం. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు తీగలను ముట్టుకోకుండా కంపెనీవాళ్లను పిలవాలి. మామూలు కారు ఆరాక స్టార్ట్ అయిందంటే బతికిపోయినట్టు కాదు. కనెక్టర్ల లోపల చిక్కుకున్న తడి, బురద రాగిని మెల్లగా తింటాయి. ఆరునెలలకో ఏడాదికో పవర్ విండో ఆగుతుంది, బ్రేకుల ఏబీఎస్ హెచ్చరిక లైటు వెలుగుతుంది, కారణం లేకుండా ఫ్యూజ్ పోతుంది. ఒక్కోసారి ఒక్కో లక్షణం రావడం వల్ల ఒక్కోసారి ఒక్కో పార్టు మారుస్తూ పోతారు. సీట్ల కింది కనెక్టర్లు, డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజ్ పెట్టె వెనకవైపు, తివాచీ కింది ఎర్త్ బోల్టులు ఒకసారి పూర్తిగా విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి బిగిస్తే తప్ప ఆ వరస ఆగదు.

అలాంటి బళ్లు పాలిష్ పెట్టించుకుని సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. కొనేవాళ్లు ఇంజిన్ చప్పుడు, టైర్లు చూస్తారు గానీ డ్యాష్‌బోర్డు కింద వంగి చూడరు. లోపలి పెట్టెలో కింది వరస ఫ్యూజులు రెండు మూడు లాగి వాటి కాళ్లు చూడటానికి రెండు నిమిషాలు చాలు. లోహం మెరుస్తుంటే మంచిదే. ఆకుపచ్చ పొడి గానీ, గడి మూలల్లో సన్నటి ఒండ్రు గానీ కనిపిస్తే ధర ఎంత తగ్గించినా ఆ బేరం వదిలెయ్యాలి.